పిల్లి మెడలో గరాటు

మా పిల్లి మొయినాబాద్ జంతువుల దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన పొద్దున, దాని వాలకం చూసి నాకు ముందు నవ్వే వచ్చింది. మెడ చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గరాటు. ఆ గరాటు లోపల రెండు చెవులు, నాలుగు మీసాలు, బోలెడు కోపం.

మాది చేవెళ్ల పక్కన పూల తోట. పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన పందిరి కింద, జెర్బెరాలు వేస్తాం. జెర్బెరాను కత్తితో కోయరు, కాడను మొదట్లో పట్టుకుని మెలితిప్పి గుంజుతారు. గుంజిన ప్రతి పువ్వుకూ రేకులు నలగకుండా తల చుట్టూ పల్చటి ప్లాస్టిక్ కవరు తొడగాలి. ఆ తొడిగే పని నాది. ఏళ్ల తరబడి అదే పని చేసిన కళ్లకు మా పిల్లి ఇంకెట్లా కనబడుతుంది?

"ఇగో, దీన్ని గూడ ఓ కట్టల పెట్టు. మార్కెట్‌కు పంపుదాం" అన్నాను మా ఆయనతో.

ఆయన నవ్వలేదు. ఆయన నవ్వకపోవడం పెద్ద వార్తేం కాదు. పెళ్లి ఫొటోల్లో కూడా ఫొటోగ్రాఫర్ బతిమాలితే గానీ పన్ను చూపించలేదు. కానీ ఆ పొద్దున నా నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు. డాక్టర్ చెప్పిన మాట చెవుల్లో తిరుగుతూనే ఉంది.

మా పిల్లికి మూత్రం ఆగిపోయింది. లోపల ఇసుకలాగా ఏదో గడ్డకట్టి దారి మూసుకుపోయిందట. మేం మొదట కడుపుబ్బరం అనుకున్నాం. పూల మడుల మధ్య బాటలో కూర్చోవడం, ముక్కడం, లేవడం, మళ్లీ రెండడుగులు వేసి కూర్చోవడం. మా అత్త చెంచాడు ఆముదం పట్టుకుని వెంటపడింది కూడా. దవాఖానలో ట్యూబు వేసి, రెండు దినాలు అక్కడే ఉంచుకుని, ట్యూబు తీసేసి మా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు వాడంతట వాడు మూత్రం పోయాలమ్మా" అన్నాడు డాక్టర్. "సాయంత్రం లోపల ధారగా పోస్తే సేఫ్. పోయకపోతే మళ్లీ బ్లాక్ అయినట్టే, వెంటనే తీసుకురండి. రేపు చూద్దాంలే అనుకుంటే మాత్రం పిల్లి మిగలదు. నాకుతాడు కాబట్టి మెడలో ఈ కాలర్ తీయొద్దు. బయటికి వదలొద్దు. ఒక గదిలో పెట్టి, మట్టి డబ్బా పెట్టండి. పోశాడా లేదా మీ కళ్లతో చూడాలి."

అక్కడి బల్ల మీద పిల్లులు పోసుకునే మట్టి అని రంగురంగుల ప్యాకెట్లు ఉన్నాయి. మా ఆయన ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. నేను లాక్కుని మళ్లీ అక్కడే పెట్టేశాను. "మట్టి మీదనే బతికేటోల్లం, మనం మట్టి కొనుక్కపోతే ఊర్ల నవ్వరా?" అన్నాను. ఏడో తరగతిలోనే బడి మానేసినా, మట్టి సంగతి నాకు ఇంకొకరు చెప్పాలా అని నా ధీమా.

ఇంకో మాట చెప్పాలి. మేం ఈ పిల్లిని సర్పంచ్ అంటాం. పేరేం కాదు, పదవి. పొద్దున ఒక ఇంట్లో పాలు, మధ్యాహ్నం ఇంకో ఇంట్లో చేప తల, సాయంత్రం ఎక్కడ నలుగురు కూర్చుంటే అక్కడ నడుమ కూర్చోవడం. ఎవరి పనీ చేయడు, అందరి పనీ చూస్తాడు. పాలీహౌస్‌లో నేను పూలకు కవర్లు తొడుగుతుంటే, బోర్లించిన బకెట్ మీద ఎక్కి కూర్చుని పర్యవేక్షిస్తాడు. పొద్దంతా నేను వాగుతూనే ఉంటాను, వాడు వింటూనే ఉంటాడు. నా జోకులకు ఊళ్లో అందరూ నవ్వుతారు, మా ఆయనా వీడూ తప్ప. మా ఆయన మీద ఆశ ఎప్పుడో వదిలేశాను. వీడి మీద మాత్రం ఇంకా ప్రయత్నం చేస్తూనే ఉన్నాను. ఆ బకెట్ ఖాళీగా ఉన్న రెండు దినాలూ నోరు మూసుకుని పని చేశాను. నా నోటికి అంత విశ్రాంతి ఎన్నడూ దొరకలేదు, ఆ విశ్రాంతి నాకు నచ్చలేదు.

ఇంట్లో సామాను గదిని ఖాళీ చేసి సర్పంచ్‌ను అందులో పెట్టాం. బట్టలు నానబెట్టే టబ్బు ఒకటి తెచ్చి, మేం పూల మడులకు కలిపే మట్టినే దాన్నిండా పోశాను. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన ఎరువు, అన్నీ జల్లెడ పట్టి కలిపిన సరుకు. చేయి పెడితే దూదిలా ఉంటుంది. దాంట్లో విత్తనం పడితే మొలకెత్తనంటుందా, పిల్లి కూర్చుంటే పోయనంటుందా?

సర్పంచ్ లేచాడు. టబ్బు వైపు ఠీవిగా నడిచాడు. టబ్బు ఇంకా దూరం ఉందనుకున్నాడు గానీ వాడి కంటే ముందు గరాటు అక్కడికి చేరింది. టప్‌మని కొట్టుకుని వెనక్కి జరిగాడు. మళ్లీ వచ్చాడు, మళ్లీ టప్. గరాటు అంచు టబ్బు అంచుకు తట్టుకుంటోంది. ఎంత ఎగిరినా తల లోపలికి పోతే కాళ్లు బయట, కాళ్లు లోపలికి పోతే తల బయట.

"లారీ రివర్స్ చేస్తున్నట్టున్నది. రానీయ్ రానీయ్ అనుడు తక్వ" అన్నాను.

మా ఆయన వెళ్లి హాక్సా బ్లేడు తెచ్చాడు. టబ్బుకు ఒక పక్క కిందిదాకా కోసేసి, చేతికి గుచ్చుకోకుండా కోసిన అంచుకు పాత సైకిల్ ట్యూబు తొడిగాడు. ఇప్పుడది టబ్బు కాదు, గడప. సర్పంచ్ ఆ గడప దాటి లోపలికి అడుగు పెట్టాడు. మేమిద్దరం ముందుకు వంగాం. వాడు వాసన చూద్దామని తల వంచాడు. గరాటు మట్టిలోకి దిగింది. తల ఎత్తేసరికి గరాటు నిండా మట్టి, గంటెతో పప్పు తీసినట్టు. తల విదిల్చాడు. ఆ మట్టి నా ముఖం మీద, మా ఆయన చొక్కా మీద. తుమ్ముకుంటూ బయటికి వచ్చి మాకు వీపు చూపించి కూర్చున్నాడు. పోయలేదు.

ఆ రోజంతా ఇంక ఇదే కథ. పాలీహౌస్‌లో పువ్వు ఆగదు కదా. పువ్వుకు తెలియదు మా ఇంట్లో ఎవరికి ఏం ఆగిపోయిందో. నేను ఒక వరస గుంజుతాను, మనసు ఒప్పదు, ఇంటికి పరుగెత్తుతాను. తలుపు సందులోంచి చూస్తాను. మళ్లీ పాలీహౌస్. చేతిలో కవరు ఉంటుంది, తొడగాల్సిన పువ్వు ఇంట్లోనే మర్చిపోయి వచ్చి ఉంటాను. మా ఆయన బకెట్లలో నీళ్లు మార్చి, అవే బకెట్లలో మళ్లీ మార్చాడు. అరగంటకోసారి ఎదురెదురు పడతాం.

"పోసిండా?"

"పొయ్యలే."

"తిన్నడా?"

"తాగుతనే లేడు, ఇగ తినుడా."

తాగకపోతే పోసేదేముంది అని మా ఆయన మెల్లగా అన్నాడు. అది నిజమే. నీళ్ల గిన్నె వెడల్పుది పెట్టాం, గరాటు గిన్నె అంచు మీద ఆగిపోతోంది, మూతి నీళ్లదాకా అందడం లేదు. గరాటు లోపల పట్టేంత చిన్న గిన్నె కావాలి. పూజ గదిలోంచి కుంకుమ గిన్నె తీసి, కడిగి, ఇటుక మీద పెట్టి నీళ్లు పోశాను. ఇటుక ఎత్తుకు మూతి సరిగ్గా అందింది. గరాటు గిన్నె మీద గొడుగులాగా దిగింది. లోపలి నుంచి లపక్ లపక్ అని చప్పుడు వచ్చింది. ఇద్దరం గోడకు ఆనుకుని ఆ చప్పుడు విన్నాం. ఇంత శ్రద్ధగా నేను బడిలో పాఠం విని ఉంటే ఈపాటికి కలెక్టర్‌ను అయ్యేదాన్ని.

అంతలో మా అత్త వచ్చింది. కుంకుమ గిన్నె ఎక్కడుందో చూసింది. నన్ను చూసింది. ఆముదం పట్టబోయిన పాపం ఆమె మీద ఇంకా ఉంది కాబట్టి బతికిపోయాను.

"నీళ్లైతే తాగిండు. ఇగ పోస్తడు" అన్నాను.

"ఎట్ల పోస్తడే? ముగ్గురు నెత్తి మీద నిలవడితే నీకైతే వస్తదా?" అంది అత్త. "సిగ్గుండదా వానికి? మొగపోరడు."

"డాక్టర్ కండ్లతోటి సూడుమన్నడు అత్తా."

"గదే సూడు, జర దూరంకెల్లి సూడు. పెండ్లిచూపులోల్ల లెక్క కూసున్నరు."

మేం గది తలుపు అవతలికి జరిగాం. ఓరగా చూశాం. సర్పంచ్ టబ్బులోకి దిగాడు. ఒక కాలితో రెండుసార్లు తవ్వాడు. ఆ కాలిని ఎత్తి అసహ్యంతో విదిల్చాడు. టబ్బులోంచి బయటికి వచ్చి తలుపు దగ్గర నిలబడి అరిచాడు. మామూలు అరుపు కాదు. గరాటు దానికి మైకు అయింది. గరాటులోంచి వచ్చే ఆ అరుపు గ్రామసభలో సర్పంచ్ గొంతులాగానే ఉంది. నాకు మాత్రం జోకు రాలేదు.

ఎండ నడినెత్తి దాటింది. నేను కూర్చోలేను, నిలబడలేను. అన్నం ముందు కూర్చుని ముద్ద కలిపి, లేచి వెళ్లి చూసి, వచ్చి అదే ముద్దను మళ్లీ కలిపాను.

"ఏమే, ఈ అర్ర ఏంది గింత గబ్బు వస్తున్నది?" అంది అత్త గదిలోంచి. "వేపపిండి వాసన. మందుల దుకాణం లెక్క."

చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వేపపిండి! మడులకు కలిపే మట్టిలో వేపపిండి ఉంటుంది. వేరు పురుగు పట్టకుండా ఎట్లాగూ వేస్తాం. కానీ వర్షాల తర్వాత రెండింతలు వేశాం. ఎందుకు వేశాం? సర్పంచ్ గారు కొత్తగా నాటిన మొక్కల మధ్య తవ్వి, పోసి, కప్పి, మొక్కల్ని పీకి పోతున్నారని! వాడు ఆ మడుల జోలికి రాకూడదని, ఆ వాసనకు దూరంగా పోవాలని, నేనే, ఈ చేతులతోనే, గంపలకొద్దీ వేపపిండి కలిపాను. ఆ మట్టినే ఇప్పుడు టబ్బులో పోసి, ఇక్కడ పోయ్ నాయనా అని బతిమాలుతున్నాను.

"అయ్యో అత్తా, వానికి మనమే ఇక్కడ పొయ్యొద్దని నేర్పినం!"

అత్తకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది నవ్వో ఏడుపో నేను చూడటానికి ఆగలేదు. టబ్బు ఎత్తుకుని పెరట్లో బోర్లించి, గుప్పెడు సర్ఫు వేసి తోమాను.

మరి వాడు మడులు మానేశాక ఎక్కడ పోసేవాడు? ఊరందరికీ తెలుసు. పక్కింటాయన కొత్త ఇల్లు కడుతున్నాడు. వాకిట్లో ఇసుక కుప్ప. సర్పంచ్ గారి ప్రైవేటు బాత్రూం అదే. దాని మీద మాకూ పక్కింటాయనకూ పాత పంచాయితీ ఉంది. ఆయన పోయినసారి నిజం సర్పంచ్ ఎన్నికల్లో నిలబడి ఓడిపోయిన మనిషి. మా పిల్లిని మేం ఏమని పిలుస్తామో ఆయన చెవిన పడ్డప్పటి నుంచి మా ఇంటి ముందు నుంచి పోతే గట్టిగా ఖాండ్రిస్తాడు.

ఇంకో దారి లేదు. బకెట్ పట్టుకుని వెళ్లాను. ఆయన కుర్చీలో కూర్చుని మేస్త్రీల పని చూస్తున్నాడు.

"అన్నా, జర ఓ బకెట్ ఇసుక కావాలె."

"తీస్కో చెల్లె. ఏం కడ్తున్నవ్?"

"కట్టుడు గాదన్నా. గా మూలకున్న ఇసుక కావాలె. మా పిల్లి పోస్తడు సూడు, గా మూల."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మంచి ఇసుక ఇస్తంటే ఖరాబైనదే కావాల్నా?"

"గదే కావాలన్నా. వాసన జూసి గుర్తువట్టాలె. వానికి మూత్రం వస్తలేదు, దవాఖానకెల్లి తెచ్చినం. పొద్దుమీకి దాక పొయ్యకుంటే ఇగ దక్కడన్నరు."

ఆయన కుర్చీలోంచి లేచాడు. పార తీసుకుని ఆయనే ఆ మూలకు వెళ్లి, ముక్కు అటు తిప్పుకుని, బకెట్ నింపాడు.

"నాకు రాని పదవి నీ పిల్లికి ఇచ్చినవ్. ఇయ్యాల పదవి లేదు ఏం లేదు, నీళ్లు వొదిల్తె చాలు" అన్నాడు. "పోస్తే చెప్పు. మా ఇంట్ల గూడ ఫికర్ చేస్తరు, మా మనవరాలు వానికి పాలు వోస్తది."

ఇసుక టబ్బులో పోసి గదిలో పెట్టాను. ఈసారి సర్పంచ్ దూరం నుంచే తల ఎత్తాడు. వచ్చాడు, గడప దాటాడు. ఇసుకను చూసి చాలా రోజులకు చుట్టాన్ని చూసినట్టు చూశాడు. గరాటు పక్కకు వాల్చి రెండు కాళ్లతో తవ్వాడు, గుండ్రంగా తిరిగాడు, కూర్చున్నాడు. తోక వణికింది. మా అత్త దేవుళ్లను వరస పెట్టి తలుచుకోవడం వినబడుతోంది. మా ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

వాడు కూర్చునే ఉన్నాడు. ముక్కాడు. లేచి తాను తవ్విన గుంత వైపు తిరిగి చూశాడు. మేమూ చూశాం.

పొడిగా ఉంది.

మళ్లీ తవ్వాడు, మళ్లీ కూర్చున్నాడు. లేచాడు. పొడి ఇసుక. మా ఆయన లోపలికి వెళ్లి చేత్తో ఇసుక తడిమి, నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. పూల మడుల బాటలో మొదటిరోజు చూసిన కూర్చోవడం, లేవడం, అదే మళ్లీ మొదలైంది.

"గరాటు తీద్దామా? దాంతోటే భయపడ్తున్నడేమో" అన్నాడు ఆయన.

"వొద్దు. తీస్తే నాకుతడు. తీయొద్దన్నడు గద."

"మరేం చేద్దాం?"

"బండి తియ్."

పూలు పంపే అట్టపెట్టెలకు గాలి ఆడటానికి పక్కల రంధ్రాలు ఉంటాయి. ఒక పెట్టె తీసి, అడుగున ఆ ఇసుకే కాస్త పరిచి, సర్పంచ్‌ను అందులో దింపాను. గరాటుతో పెట్టె మూత పడటం లేదు. మూత తెరిచే ఉంచి, నా ఒళ్లో పెట్టుకుని, కొంగు కప్పి, మోటార్ సైకిల్ వెనక కూర్చున్నాను. సగం పూలు కవర్లు లేకుండా బకెట్లలోనే ఉండిపోయాయి.

రోడ్డు పని జరుగుతోంది. ఒక పక్క మట్టి కుప్పలు, ఒక పక్క టిప్పర్లు. ఆగడం, కదలడం, ఆగడం. సాయంత్రం ఫంక్షన్లకని ఫామ్‌హౌస్‌లకు పోయే కార్లన్నీ అప్పుడే బయలుదేరినట్టున్నాయి. ప్రతి గుంతకూ నేను "మెల్లగ" అంటాను. బండి మెల్లగా పోతే "జల్ది పో" అంటాను.

"మెల్లగ పోవాల్నా, జల్ది పోవాల్నా?" అన్నాడు మా ఆయన. ఆయన జీవితంలో అదే అతి పెద్ద తిట్టు.

నేను కొంగు కింద చేయి పెట్టి వాడి వీపు నిమురుతూ ఉన్నాను. వెన్నుపూస ఒక్కొక్కటీ చేతికి తగులుతోంది. ఏదో ఒకటి మాట్లాడాలి. పాలీహౌస్‌లో చెప్పే ముచ్చట్లే మొదలుపెట్టాను. పక్కింటాయన ముక్కు తిప్పుకుని ఇసుక ఎత్తిన సంగతి, అత్త ఆముదం చెంచా సంగతి. వినబడుతోందో లేదో తెలియదు. గరాటు లోపల చెవులు వెనక్కి వాల్చి ఉన్నాడు.

మొయినాబాద్ రాకముందు ఒక టిప్పర్ మా చెవి పక్కనే హారన్ కొట్టింది. పెట్టెలో సర్పంచ్ ఒక్కసారి బిగుసుకున్నాడు. నేను రెండు చేతులా పట్టుకున్నాను. మరుక్షణం నా తొడల మీద వెచ్చగా అనిపించింది. మొదట చెమట అనుకున్నాను. ఆ వెచ్చదనం ఆగలేదు. అట్ట నానింది, చీర నానింది, మోకాలి దాకా పాకింది. ఇంకా వస్తూనే ఉంది.

"ఆపు! బండి ఆపు!"

"ఏమైంది? పోయిండా?" మా ఆయన గొంతు ఎన్నడూ వినని గొంతు.

"పోసిండు!"

ఆయన రోడ్డు నడిమధ్యే ఆపేశాడు. వెనకాల హారన్లు. దిగివచ్చి నా చీర మీద చేయి పెట్టాడు, ఆ చేయి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "మూత్రమే" అన్నాడు, కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు. వెనక కారాయన తల బయటికి పెట్టి, "ఏందన్నా, రోడ్డు మీదనే సంసారమా?" అన్నాడు. మా ఆయన ఆయన వైపు తిరిగి, "మా పిల్లి పోసింది సార్" అని నవ్వాడు. పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ కారాయనకు ఏం అర్థమైందో గానీ హారన్ మీద నుంచి చేయి తీసేశాడు.

ఇంటికి తిప్పుదామా అని మా ఆయన అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడంటే పోశాడు, అది అంతా పోశాడో సగం పోశాడో, డాక్టర్ చేత్తో పట్టి చూసి చెబితే గానీ నా ప్రాణం నిలవదు.

డాక్టర్ బల్ల మీద పడుకోబెట్టి పొట్ట కింద వేళ్లతో నొక్కి చూశాడు. ఇంకోసారి నొక్కాడు. నేను ఆ వేళ్లనే చూస్తున్నాను.

"మొత్తం ఖాళీ" అన్నాడు. "దారి తెరిచే ఉందమ్మా. అయినా ఒక గంట ఇక్కడే కూర్చోండి, ఇంకోసారి చూసి పంపిస్తా."

బయట వరస కుర్చీలు. ఒక కుర్చీలో కూర్చుని, తడిసిన పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాను. పక్కన ఎవరో ఫామ్‌హౌస్ వాళ్ల అమ్మాయి, దూడంత కుక్కతో. ఆ అమ్మాయి ముక్కు ముడిచి నా చీర వైపు చూసింది. కుక్కను పట్టుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగింది. మా ఆయన ఇంట్లో ఉన్న అత్తకు ఫోన్ చేయడానికి బయటికి వెళ్లాడు. సర్పంచ్ గరాటును నా మోచేతి మీద ఆన్చి కళ్లు మూసుకున్నాడు. తడి చీర చల్లబడి కాళ్లకు అంటుకుంటోంది. లేచి పిండుకోవచ్చు. కానీ వాడు నిద్రపోతున్నాడు కదా అని నేను కదల్లేదు.